ప్రజల వెబ్‌సైటు ప్రతి తెరకును అందవలెను

(హైదరాబాదు, అశోక్ నగర్‌లో పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



నేడు మనము సమావేశమైన ఈ అశోక్ నగర్ మీకు పరాయి చోటు కాదు. ఇక్కడి వీధులలో పుస్తకముల సంచులతో కనబడు యువతీయువకులలో పెక్కుమంది మీ గ్రామముల బిడ్డలే. ప్రభుత్వోద్యోగ పరీక్షలకు శిక్షణ పొందుటకై వచ్చి, ఇరుకు గదులలో అద్దెకుండి, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున ప్రొద్దస్తమానము చదువుకొనుచున్నారు. 2018లో తెలంగాణమున 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల నియామకమునకు ప్రకటన వెలువడినప్పుడు దరఖాస్తులు ఆన్‌లైనులో స్వీకరింపబడినవి. మీ పంచాయతీలో నేడు పనిచేయుచున్న కార్యదర్శి కూడ ఆనాడు ఏదో ఒక తెర ముందు కూర్చుండి, ఫారము నింపి, చివరి మీటను నొక్కి వచ్చినవాడే కావచ్చును. ఆ మీట పనిచేయనిచో ఏమగును? చదువుండియు, అర్హత యుండియు, రుసుము చేతిలో నుండియు, గడువు దాటిపోవును.

ఈ చిక్కు ఉద్యోగార్థులకే పరిమితము కాదు. 2011 నవంబరులో మీసేవ ప్రారంభమైనది. 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభమై, పంచాయతీ ప్రణాళికలను, జమాఖర్చులను ఎవరైనను చూచుటకు వీలు కలిగినది. 2005 నాటి సమాచార హక్కు చట్టములోని 4వ సెక్షను, ప్రజలు అడుగక ముందే ప్రభుత్వ కార్యాలయములు సమాచారమును వెల్లడింపవలెననియు, అది ప్రజలకు సులభముగ అందు రూపమున నుండవలెననియు, స్థానిక భాషను గమనింపవలెననియు చెప్పుచున్నది. పూర్వము చావడి గోడకు అంటించిన కాగితము నేడు వెబ్ పుటయైనది. చావడి గోడ మీది కాగితమును కన్నున్న వాడెవడైనను చదివెడివాడు. వెబ్ పుట అట్లు కాదు. అది ఒకరి ఫోనులో తెరచుకొనును, మరియొకరి ఫోనులో తెల్లగా నిలిచిపోవును.

కావున నేడు మేము మీకు మనవి చేయదలచిన విషయము ఒక్కటే. ప్రజాధనముతో నిర్మించు వెబ్‌సైటు ప్రజల చేతిలో నున్న యంత్రమునకు ఒదగవలెను గాని, వెబ్‌సైటుకు తగిన యంత్రమును ప్రజలు కొని తెచ్చుకొనవలెనని కోరరాదు. దీనిని సాధించుట కష్టము కాదు. అందుకు పంచాయతీ సభ్యులు చేయదగిన పని చాల కలదు.

బ్రౌజరు అనగా నేమి?

వెబ్‌సైటు అనునది దూరమున నున్న ఒక కంప్యూటరులో వ్రాసి యుంచిన పుటల సముదాయము. ఆ పుటను మన యొద్దకు తెచ్చి, అందలి ఆజ్ఞలను చదివి, తెరపై పరచి చూపు సాధనమే బ్రౌజరు. క్రోము, ఫైర్‌ఫాక్సు, సఫారీ, ఎడ్జి, ఒపేరా అనునవి ఇట్టివే. ఒకే పద్యమును ఇద్దరు చదివినప్పుడు రాగము వేరైనను పద్యము మారదు. అట్లే ఒకే పుట వేర్వేరు బ్రౌజర్లలో కొంత వేరుగ కనబడును. అది తప్పు కాదు. అర్థము చెడుట, పని ఆగిపోవుట మాత్రమే తప్పు.

వెబ్ పుట్టుకలోనే ఈ సూత్రము కలదు. స్విట్జర్లాండులోని జెనీవా చెంత సెర్న్ అను పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో దీనిని ప్రతిపాదించెను. అచ్చటి శాస్త్రజ్ఞుల యొద్ద నున్న కంప్యూటర్లు పలు రకములవి. ఒకదానిలోని సమాచారము మరియొకదానికి అందుట కష్టముగ నుండెడిది. తొలి బ్రౌజరు నెక్స్ట్ అను ఒక్క జాతి కంప్యూటరుపై మాత్రమే పనిచేసెను. అందుచేత నికోలా పెలో అను విద్యార్థిని, బొమ్మలు లేకుండ అక్షరములను మాత్రమే చూపు చిన్న బ్రౌజరును, సామాన్యమైన యంత్రముల మీదను పనిచేయునట్లు వ్రాసెను. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ విద్యను ఏ రుసుమును లేకుండ లోకమునకు విడిచిపెట్టెను.

పుటను వ్రాయు భాషకు హెచ్‌టీఎంఎల్ అని పేరు. అందలి ధర్మము మనము ముఖ్యముగ గ్రహింపదగినది. బ్రౌజరుకు తెలియని ఆజ్ఞ ఎదురైనచో, అది ఆ ఆజ్ఞను మాత్రము విడిచిపెట్టి, దాని నడుమ నున్న మాటలను యథాతథముగ చూపును. పాత బ్రౌజరు క్రొత్త పుటను చూచి బెదరి ఆగిపోదు. తనకు తెలిసినంత వరకు చూపును. ఈ ఔదార్యము వలననే తొలినాటి వెబ్ పుటలు నేటి ఫోనులలో కూడ తెరచుకొనుచున్నవి.

ఈ ఔదార్యమును పోగొట్టినది పోటీ. 1994లో నెట్‌స్కేపు, 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు వెలువడినవి. రెండును పోటీపడి, రెండవ దానికి తెలియని ఆజ్ఞలను చేర్చుకొనినవి. వెబ్‌సైట్లు నిర్మించువారు పుట అడుగున ‘ఇది ఫలానా బ్రౌజరులో చక్కగా కనబడును’ అని వ్రాయసాగిరి. కొందరు వచ్చిన బ్రౌజరు పేరడిగి, పేరు నచ్చనిచో గుమ్మము నుండియే త్రిప్పి పంపిరి. దానితో బ్రౌజర్లు పేరు మార్చుకొని రావలసి వచ్చెను. నేటికిని క్రోము, సఫారీ, ఎడ్జి అన్నియు తమను పరిచయము చేసికొనునప్పుడు నెట్‌స్కేపు నాటి ‘మొజిల్లా’ అను నామముతోనే ప్రారంభించుచున్నవి. పేరడిగి లోనికి పంపు పద్ధతి ఎంత నిష్ప్రయోజనమో దీనివలన తెలియును. ‘నీవెవరవు?’ అని అడుగుటకు మారుగ ‘నీకు ఈ పని వచ్చునా?’ అని అడుగుటయే సరియైన పద్ధతి.

తెలుగు పాఠకుని అనుభవము

ఈ కష్టమును తెలుగువారు తగినంత అనుభవించిరి. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి 128 స్థానములు కేటాయింపబడినవి. కాని యంత్రములలో తెలుగు చేరుటకు కాలము పట్టెను. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చెను. ఈ లోపల ఈనాడు, వార్త వంటి దినపత్రికలు తమ సొంత ఫాంటులతో వెబ్‌సైట్లు నడిపినవి. రోమను అక్షరముల స్థానములలో తెలుగు అక్షరఖండములను కూర్చిన ఫాంటులవి. ఆ ఫాంటు అందిన బ్రౌజరులో చక్కని తెలుగు కనబడెడిది. అందని బ్రౌజరులో అర్థము లేని రోమను అక్షరముల గుంపు కనబడెడిది. ఒకే వార్త ఒకరికి వార్త, మరియొకరికి పిచ్చిగీతలు.

ఈ చిక్కును తీర్చుటకై వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్సునకు ‘పద్మ’ అను ఉపకరణమును వ్రాసెను. అది సొంత ఫాంటుల పుటను అప్పటికప్పుడు యూనికోడ్ తెలుగునకు మార్చి చూపెడిది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికినవారును ఆయనయే. కాలక్రమమున వెబ్‌సైట్లు యూనికోడ్‌నకు మారిన కొలది ఆ కష్టము తగ్గెను.

అటుపిమ్మట ఫోనులు వచ్చినవి, కష్టము రూపు మార్చుకొని తిరిగి వచ్చెను. 2010 నాటి పెక్కు ఫోనులలో తెలుగు ఫాంటే లేదు. అక్షరము ఉండవలసిన చోట ఖాళీ గడులు కనబడెడివి. అప్పుడు కొందరు పాఠకులు ఒపేరా మినీ అను బ్రౌజరులో దాగియున్న ఒక ఏర్పాటును కనుగొనిరి. దానిని మార్చినచో, ఆ సంస్థ వారి సర్వరే తెలుగు అక్షరములను చిన్న బొమ్మలుగ మార్చి ఫోనుకు పంపెడిది. చిన్న ఫోనులో తెలుగు చదువవలెనను ఆశతో జనులు ఎంత శ్రమపడిరో చూడుడు. పాఠకుడు అంత శ్రమపడునప్పుడు పుట నిర్మించువాడు కొంత శ్రమపడరాదా?

పంచాయతీలు గమనింపదగిన విషయము ఇందొకటి కలదు. డీటీపీ కేంద్రములలో నేటికిని అను ఫాంటులు మొదలగు పాత పద్ధతి ఫాంటులతో తెలుగు కూర్చుచున్నారు. కరపత్రమునకు, ఫ్లెక్సీకి అది పనికివచ్చును. ఆ వ్రాతనే తెచ్చి వెబ్ పుటలో పెట్టినచో మరల వెనుకటి పిచ్చిగీతలే కనబడును. లేనిచో ఆ కాగితమును ఫోటో తీసి పెట్టుదురు. ఫోటోలోని అక్షరములను పెద్దవి చేసినచో మసకబారును. వెదకినచో దొరకవు. చూపు లేనివారికి పుటను చదివి వినిపించు సాధనములకు అవి సాధారణముగ అందవు. గ్రామసభ ప్రకటన యైనను, పన్నుల జాబితా యైనను, యూనికోడ్ తెలుగులో అక్షరములుగనే ఉండవలెను.

ఒక్క బ్రౌజరును నమ్ముకొన్నవారి గతి

2005 ఆగస్టు 29న అమెరికా దక్షిణ తీరమును కత్రినా అను తుపాను ముంచెత్తెను. ఇండ్లు కోల్పోయినవారు సహాయమునకై ఆన్‌లైనులో నమోదు చేసికొనుటకు ఆ దేశపు విపత్తు సహాయ సంస్థ ఒక వెబ్‌సైటును ఏర్పాటు చేసెను. అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 6వ కూర్పులో మాత్రమే పనిచేసెను. వేరు బ్రౌజరు గలవారు టెలిఫోను చేయవలసి వచ్చెను. సర్వస్వము కోల్పోయి ఎవరి కంప్యూటరునో అరువడిగి కూర్చున్నవానికి ‘నీ బ్రౌజరు పనికిరాదు’ అని చెప్పుట ఎంతటి కాఠిన్యము! వరదలు, తుపానులు ఎరిగిన మన ప్రాంతమునకు ఈ పాఠము దూరమైనది కాదు.

దక్షిణ కొరియా కథ వేరు విధమైనది. 1990ల చివర ఆ దేశము బ్యాంకుల, ప్రభుత్వ కార్యాలయముల పనులకు భద్రత కల్పింపదలచి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకు మాత్రమే తగిలించు ఉపకరణములపై ఆధారపడెను. ఉద్దేశము మంచిదే. కాని ఆ దేశ ప్రజలు ఏండ్ల తరబడి ఒకే బ్రౌజరునకు కట్టువడిపోయిరి. ఆ విధానమునకు మూలమైన ధ్రువపత్రముల ప్రత్యేక ప్రతిపత్తి 2020 డిసెంబరులో గాని తొలగలేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు మాత్రము శాశ్వతముగ నిలిచినదా? 2022 జూన్ 15న దాని కంపెనీయే దానికి విశ్రాంతి నిచ్చెను. ఒక్క బ్రౌజరు కొరకు కట్టిన వెబ్‌సైటు ఒక్క బండికి సరిపడు బాట వంటిది. ఆ బండి మూలపడిన నాడు బాటయు మూలపడును.

నిర్మాణ క్రమము

ఇల్లు కట్టువాడు పునాది, గోడలు, పైకప్పు ముగించిన తరువాత రంగు వేయును. వెబ్ పుటకును ఇట్టి వరుస కలదు. మొదట హెచ్‌టీఎంఎల్‌తో విషయము వ్రాయవలెను. శీర్షిక, పేరాలు, జాబితా, ఫారము మాత్రమే యుండి, ఏ అలంకారము లేకున్నను అర్థమగునట్లు ఉండవలెను. పిదప సీఎస్‌ఎస్ అను భాషతో రంగులు, వరుసలు కూర్చవలెను. ఇందులోను తెలియని ఆజ్ఞను బ్రౌజరు విడిచిపెట్టును గనుక, పాత ఫోనులో అలంకారము తగ్గునే గాని విషయము పోదు. చివరకు జావాస్క్రిప్టు అను భాషతో సౌకర్యములు చేర్చవలెను. ఈ మూడవదాని స్వభావము వేరు. అందలి వాక్యనిర్మాణములో బ్రౌజరునకు తెలియనిది ఒక్కటి ఉన్నను, ఆ కార్యక్రమ పత్రము మొత్తము నడువక నిలిచిపోవును. కావున మీట నొక్కుట, దరఖాస్తు పంపుట వంటి ముఖ్యకార్యములను దానిపైననే ఆధారపడనీయరాదు.

ఒక ఉదాహరణము చూడుడు. 2017లో జియోఫోను అను మీటల ఫోను 1,500 రూపాయల డిపాజిట్టుతో వచ్చి, పల్లెలలో ఎందరికో తొలి ఇంటర్నెట్ ఫోను అయినది. దాని తెర 2.4 అంగుళములు. వ్రేలితో తాకు సౌకర్యము లేదు. అందలి బ్రౌజరు 2016 నాటి ఫైర్‌ఫాక్సు నుండి పుట్టినది. అటుపిమ్మట జావాస్క్రిప్టులో చేరిన క్రొత్త ప్రయోగములు దానికి తెలియవు. అట్టి ఫోనులో పుట మొత్తము జావాస్క్రిప్టుతో కట్టిన వెబ్‌సైటు తెల్లని తెరగ మిగులును. వరుస తప్పక కట్టిన వెబ్‌సైటు అదే ఫోనులో సాదాగ నైనను తెరచుకొనును.

తేదీ నింపు గడి మరియొక ఉదాహరణము. క్రొత్త బ్రౌజరులో దానిని తాకగనే క్యాలెండరు వచ్చును. పాత బ్రౌజరులో అదియే మామూలు గడిగ మారును. అప్పుడు ‘దినము, నెల, సంవత్సరము వరుసగ వ్రాయుడు’ అను సూచన ప్రక్కన నుండి, చేతితో కొట్టిన తేదీని పుట అంగీకరించినచో పని జరుగును. క్యాలెండరు తప్ప వేరు దారి లేకుండ చేసినచో పని నిలిచిపోవును.

పాత యంత్రములను గమనించుట ఖర్చు అని కొందరందురు. సాదా పుట తేలికైనది. సంకేతము బలహీనముగ నున్న తండాలోను, గుట్ట ప్రక్క పల్లెలోను అది త్వరగ తెరచుకొనును. క్రొత్త ఫోను గలవానికిని డేటా మిగులును. పాతదాని కొరకు చేసిన మేలు క్రొత్తదానికిని మేలే.

ఎంతవరకు?

అన్ని కాలముల బ్రౌజర్లకును అన్ని సేవలు అందింపవలెనని మేము చెప్పుట లేదు. డబ్బు చెల్లించు పుటలలో సమాచారమును రహస్య లిపిలో పంపవలసి యుండును. అందుకు వాడిన పాత పద్ధతులు బలహీనమైనవని తేలుటచే ప్రధాన బ్రౌజర్లు 2020లో వాటిని విడిచినవి. విండోస్ 7 గల కంప్యూటర్లకు మైక్రోసాఫ్టు సంస్థ 2020 జనవరి 14న సాధారణ మద్దతు నిలిపెను. క్రోము 2023 ఫిబ్రవరి నుండి క్రొత్త కూర్పులు వాటికి ఇచ్చుట మానెను. అట్టి కంప్యూటరుపై బ్యాంకు పని చేయుట క్షేమము కాదు. కార్యాలయములోని కంప్యూటరును తగిన కాలమున మార్చుట పంచాయతీ విధియే.

అయినను చదువుటకు మాత్రమే ఉద్దేశించిన పుటలను వీలైనంత పాత యంత్రములకును అందజేయవలెను. భద్రత కొరకు ఒక సేవను నిరాకరింపక తప్పనిచో, ఆ సంగతిని స్పష్టమైన తెలుగులో చెప్పి, మీసేవ కేంద్రమునకో, పంచాయతీ కార్యాలయమునకో, ఫోను నంబరునకో దారి చూపవలెను. మాట పలుకక తెల్లని తెరను చూపుట మర్యాద కాదు.

సభ్యులు చేయదగిన పనులు

కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటరు 2009లో ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శక సూత్రములను వెలువరించినది. 2023లో వాటి మూడవ కూర్పు వచ్చినది. వెబ్‌సైటును పలు బ్రౌజర్లలో పరీక్షింపవలెననియు, ప్రాంతీయ భాషల ఫాంటులు సరిగ కనబడుచున్నవో లేదో చూడవలెననియు ఆ సూత్రములలో చెప్పబడినది. కావున మీరు అడుగునది క్రొత్త కోరిక కాదు. మీరు ఈ క్రింది పనులు చేయగలరు.

1. వెబ్‌సైటు పనిని ఎవరికైనను అప్పగించునపుడు ‘పలు బ్రౌజర్లలో, చిన్న ఫోనులలో, యూనికోడ్ తెలుగులో పనిచేయవలెను’ అను షరతును తీర్మానములోను, ఒప్పందములోను చేర్పుడు. పరీక్ష ముగిసిన పిదపనే తుది బిల్లు మంజూరు చేయుడు.

2. పరీక్షను కంపెనీవారి క్రొత్త కంప్యూటరుపై చూచి తృప్తిపడకుడు. గ్రామసభకు వచ్చినవారి ఫోనులనే తీసికొనుడు. ఒక క్రొత్త ఫోను, ఒక పాత ఫోను, ఒక మీటల ఫోను, పాఠశాలలోని లేక కార్యాలయములోని ఒక కంప్యూటరు చాలును. సంకేతము తక్కువగ నున్న వాడలో కూడ తెరచి చూడుడు.

3. ఫారమును ఒక వృద్ధుని చేతను, ఒక మహిళా సంఘ సభ్యురాలి చేతను, చూపు తక్కువైన ఒకరి చేతను నింపించి, ఎక్కడ ఆగిరో వ్రాసికొనుడు. తప్పు నింపినప్పుడు పుట ఏ భాషలో చెప్పుచున్నదో, అంతకు ముందు నింపినది నిలిచియున్నదో లేదో చూడుడు.

4. ఎవరైనను ‘వెబ్‌సైటు తెరచుకొనుట లేదు’ అనినచో త్రోసిపుచ్చకుడు. ఫోను పేరు, బ్రౌజరు పేరు, దాని కూర్పు సంఖ్య, తేదీ, వేళ, తెరపై కనబడినది ఒక పుస్తకమున వ్రాసి, సంబంధించిన కార్యాలయమునకు పంపుడు. ఈ వివరములు లేని ఫిర్యాదును సరిచేయుట నిపుణునికిని కష్టము.

5. వెబ్‌సైటులో పెట్టితిమి గదా యని నోటీసు బోర్డును, దండోరాను మానకుడు. ఒక దారి మూసికొనినప్పుడు రెండవ దారి యుండవలెను.

సభ్యులారా! గ్రామమున మంచినీటి కుళాయి పెట్టునప్పుడు, ఫలానా కంపెనీ బిందె తెచ్చినవానికే నీరు పట్టవలెనని మీరు తీర్మానము చేయుదురా? చేయరు. మట్టికుండకును, స్టీలు బిందెకును, ప్లాస్టికు డబ్బాకును ఒకే నీరు పట్టును. వెబ్‌సైటును కూడ అట్లే చూడుడు. మీ ఊరి రైతుకు, పింఛనుదారుకు, ఇక్కడ అశోక్ నగర్‌లో గది అద్దెకు తీసికొని చదువుకొనుచున్న మీ ఊరి అమ్మాయికి, అబ్బాయికి చేతిలో నున్న ఫోను ఎట్టిదైనను ప్రభుత్వపు గుమ్మము తెరచియుండవలెను. రాబోవు గ్రామసభలో మీ పంచాయతీకి సంబంధించిన ఒక్క పుటనైనను పదిమంది ఫోనులలో తెరిపించి చూడుడని మనవి చేయుచున్నాము.